కాగితం లేని విడాకులు



ఈ మధ్య నలుగురు కూడిన చోటల్లా ఒక మాట వినపడుతోంది. "పెండ్లికి విలువ లేకుండా పోయింది, అయినదానికీ కానిదానికీ విడాకులంటున్నారు" అని. ఆదోని పత్తి మార్కెట్ దగ్గర టీ కొట్లో ఇదే మాట, ఎమ్మిగనూరు బస్టాండులో ఇదే మాట, మా గూడూరులో మగ్గాల ఇళ్ల అరుగుల మీదా ఇదే మాట. చదువులు పెరిగాయి, ఆడపిల్లలు ఉద్యోగాలకు పోతున్నారు, చేతికి ఫోన్లొచ్చాయి, అందుకే కాపురాలు నిలవడం లేదంటారు. నిజంగా అంతేనా అని ఈ పూట ఒకసారి చూద్దాం.

2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నామని చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 13 లక్షల 60 వేల మంది. పెండ్లయినవాళ్లతో పోల్చి చూస్తే నాలుగు వందల మందికి ఒక్కరు. లెక్క పాతదే, ఈ పదిహేనేళ్లలో కొంత పెరిగే ఉంటుంది. కానీ అవే లెక్కల్లో పక్కన ఇంకో వరుస ఉంది. విడాకులు లేవుగానీ విడిగా ఉంటున్నామని చెప్పినవాళ్ల వరుస. వీళ్లు విడాకులు తీసుకున్నవాళ్లకు దాదాపు మూడింతలు. మనం అరుగుల మీద కూర్చుని బాధపడేదంతా మొదటి వరుస గురించే. రెండో వరుసను ఎవరూ తలవరు.

ఆ రెండో వరుసలో మన కర్నూలు జిల్లా పడమటి మండలాల ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు పంట చేతికి రాని ఏడాది ఊర్లకు ఊర్లే సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, కదులుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు పోతారు. లేకపోతే బెంగళూరు, హైదరాబాదుల్లో బిల్డింగు పనులకు పోతారు. ఆలుమగలు కలిసి పోయే ఇళ్లు కొన్ని, మొగుడొక్కడే పోయే ఇళ్లు కొన్ని. పోయినవాడు మొదట్లో డబ్బు పంపిస్తాడు, పండక్కి వస్తాడు. ఆ తర్వాత పండక్కి కూడా రాడు. కొన్నాళ్లకు ఫోన్ నెంబరు మారుతుంది. అక్కడ ఇంకో కాపురం పెట్టినాడని ఎవరో వచ్చి చెప్తారు. ఇక్కడ ఆమె రేషన్ కార్డులో భర్త పేరు అట్లాగే ఉంటుంది, ఓటరు జాబితాలోనూ ఉంటుంది, మెడలో తాళీ ఉంటుంది. ఊరు మాత్రం ఆమెను "మొగుడు వదిలేసినామె" అంటుంది. ఇరవై ఏళ్లు గడిచినా అదే పేరు. ఆమె విడాకుల లెక్కలోకి రాదు. ఆమెకు జరిగినదాని వల్ల వివాహ వ్యవస్థ చెడిపోయిందని ఏ అరుగు మీదా ఎవరూ అనరు. అదే ఆమె చిన్న కోర్టు కాగితం తెచ్చుకుంటే మాత్రం కాలం చెడిందంటారు.

"పాతకాలంలో ఇవన్నీ లేవు" అనే మాట ఒకటుంది. ఎవరి పాతకాలం అని అడగాలనిపిస్తుంది. పెండ్లి ఏడేడు జన్మల బంధం, విడిపోవడమనే మాటే లేదు అన్నది కొద్ది కులాల ఇళ్లలో నడిచిన ఆచారం. కష్టం చేసుకుని బతికే చాలా కులాల్లో విడిపోవడమూ ఉంది, మారుమనువూ ఉంది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. అందులో తెలుగు కులాల దగ్గరికి వస్తే ఓలి గురించీ, కుల పెద్దల ముందు తెగదెంపుల గురించీ, ఆడవాళ్ల రెండో మనువు గురించీ అడుగడుగునా కనపడుతుంది. శాస్త్రాలకే పోదామన్నా కౌటిల్యుడి అర్థశాస్త్రం ఉంది. ధర్మ వివాహాలకు విడుపు లేదంటూనే, మిగతా పద్ధతుల్లో జరిగిన పెండ్లిళ్లలో ఆలుమగలకు ఒకరంటే ఒకరికి పడకపోతే విడిపోవచ్చని అందులో ఉంది.

ఓలి అన్నాను కాబట్టి అక్కడ కొంచెం ఆగుదాం. ఓలి అంటే మగపిల్లవాడి వైపువాళ్లు ఆడపిల్ల వైపువాళ్లకు ఇచ్చే సొమ్ము. కాపురం కుదరక ఆమె ఇంకొకరిని మనువాడితే, మొదటివాడి ఓలి, పెండ్లి ఖర్చు కొత్తగా చేసుకునేవాడు తిరిగి కట్టేవాడు. కుల పెద్దలు ఒక మొత్తం తేల్చేవాళ్లు, లెక్క ముగిసేది. ఇది గొప్ప పద్ధతి అని నేను అనను. ఆడమనిషికి ధర కట్టడమే అది. కానీ బయటపడే దారి ఒకటి ఉండేది. మన తాతల నాటి నుంచి నాన్నల నాటికి వచ్చేసరికి డబ్బు నడిచే దిక్కు మారింది. ఓలి పోయి కట్నం వచ్చింది. ఇప్పుడు విడిపోతే డబ్బు వెనక్కి ఇవ్వాల్సింది మగవాడి ఇల్లు. బంగారం కుదువలో ఉంటుంది, బండి వాడేసి ఉంటారు, నగదు చెల్లెలి పెండ్లికి పోయి ఉంటుంది. తిరిగి ఇచ్చేది లేనప్పుడు తేల్చకుండా నానబెట్టడమే వాళ్లకు లాభం. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది గదా అంటారు. వచ్చింది. కట్నం రసీదు లేని సొమ్మయింది, అంతే. ఇచ్చినట్టు కాగితం లేదు, తిరిగి అడగడానికి ఆధారమూ లేదు.

చట్టం సంగతికి వస్తే మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. హిందూ వివాహ చట్టం 1955లో దేశమంతటికీ వచ్చింది. మనకు విడాకుల హక్కు అంతకు ఆరేళ్ల ముందే వచ్చింది. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరు అప్పట్లో బళ్లారి జిల్లా కింద ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గదా మన వైపు వచ్చాయి. బళ్లారి కింద ఉన్నవాళ్లకైనా కర్నూలు కింద ఉన్నవాళ్లకైనా 1949లో మద్రాసు శాసనసభ చేసిన చట్టం ఒకటే. మగవాడు ఇద్దరిని కట్టుకోకూడదు, తగిన కారణం ఉంటే విడాకులు అడగవచ్చు అన్నది దాని సారం. 75 ఏళ్లు దాటిన ఈ హక్కును నిన్న మొన్న టీవీ సీరియళ్లతో వచ్చిన చెడుగాలి అంటే ఎట్లా?

1955 చట్టం చేసినవాళ్లు కులాచారాలను కూడా కొట్టేయలేదు. 29వ సెక్షన్‌లో ఆచారం ప్రకారం జరిగే విడాకులకు చోటు ఉంచారు. ఇక్కడే మన పల్లెల్లో పెద్ద చిక్కు మొదలవుతుంది. పెద్దమనుషులు పంచాయితీ చేస్తారు. ఇద్దరి చేతా వంద రూపాయల స్టాంపు కాగితం మీద "నేటి నుండి మా ఇరువురికి ఏ సంబంధమూ లేదు" అని రాయించి వేలిముద్రలు వేయిస్తారు. నలుగురు సాక్షులు సంతకం పెడతారు. అంతటితో విడాకులు అయిపోయినాయని రెండు ఇళ్లవాళ్లూ నమ్ముతారు. ఆ నమ్మకంతోనే ఉరుకుంద ఈరన్న గుడి దగ్గరో, ఇంటి ముందు పందిట్లోనో రెండో పెండ్లి జరిగిపోతుంది. కోర్టుకు ఎక్కితే మాత్రం ఆ కాగితం నిలవడం కష్టం. మా కులంలో ఇటువంటి విడాకుల ఆచారం తరతరాలుగా ఉంది అని స్పష్టంగా చెప్పి, సాక్ష్యంతో రుజువు చేయాలి. 2002లో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. రుజువు కాకపోతే మొదటి పెండ్లి బతికే ఉన్నట్టు లెక్క. అప్పుడు రెండో పెండ్లి చెల్లదు. పుట్టిన పిల్లలకు 16వ సెక్షన్ కింద రక్షణ ఉంది. రెండో పెండ్లి చేసుకున్న ఆడమనిషికి అంత గట్టి రక్షణ లేదు.

లేదని ఊరుకోకుండా పోరాడినవాళ్లూ ఉన్నారు. హైదరాబాదు కేసు ఒకటి చెప్తాను, పేర్లు అక్కర్లేదు. ఒకామె మొదటి భర్తతో విడిపోయింది. కోర్టు డిక్రీ లేదు, ఇద్దరూ రాసుకున్న ఒప్పంద పత్రం ఒకటే ఉంది. ఇంకొకరిని పెండ్లాడింది, కూతురు పుట్టింది. ఆ కాపురమూ చెడింది. మనోవర్తి అడిగితే, మొదటి పెండ్లి చట్టప్రకారం రద్దు కాలేదు కాబట్టి నువ్వు నా భార్యవే కాదన్నాడు రెండో అతను. ఆమె సంగతి అంతా తెలిసి చేసుకున్నవాడే అతను. హైకోర్టులో ఆమె ఓడిపోయింది. సుప్రీంకోర్టు 2025 జనవరి 30న ఆమెకు మనోవర్తి ఇవ్వాల్సిందేనంది. న్యాయం దక్కింది, నిజమే. అయితే ఆ న్యాయం కోసం ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. కోసిగి నుంచి ఢిల్లీ ఎంత దూరమో నేను చెప్పనక్కర్లేదు.

ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ బి.వి. నాగరత్న ఉన్నారు. అంతకు తొమ్మిది నెలల ముందు, 2024 ఏప్రిల్‌లో, ఆమె ఉన్న ధర్మాసనమే ఇంకో తీర్పు ఇచ్చింది. హిందూ వివాహం ఒక సంస్కారమని, ఆటపాటలకూ విందులకూ పరిమితమైన వేడుకగా చూడొద్దని, సరైన తంతు జరగకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నంత మాత్రాన పెండ్లి కాదని చెప్పింది. పవిత్రత గురించి ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్తారు? అదే న్యాయమూర్తి 2024 జులై 10న మరో కేసులో, అదీ తెలంగాణ నుంచి పోయిందే, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరు ఆడవాళ్లలాగే మనోవర్తి అడగవచ్చన్నారు. ఈ మూడు తీర్పుల్లో నాకు వైరుధ్యం ఏమీ కనపడదు. పెండ్లిని నిజంగా పెద్ద విషయంగా తీసుకునేవాళ్లు దాని ముగింపును కూడా అంతే పెద్దగా తీసుకుంటారు. పెండ్లికి పురోహితుడు కావాలి, సాక్షులు కావాలి, ముహూర్తం కావాలి, ముగింపుకు మాత్రం ఒక ఫోన్ స్విచ్ ఆఫ్ చేస్తే చాలు అనుకునే సమాజానికి పవిత్రత గురించి మాట్లాడే హక్కు తక్కువ.

ఆదోనిలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఆ సంగతీ ఒక మాట. ఒకేసారి మూడుసార్లు తలాక్ అనడం చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు అంది, 2019లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. ముస్లిం స్త్రీ కోర్టు ద్వారా విడాకులు అడిగే చట్టం మాత్రం 1939 నాటిది, హిందువుల చట్టం కన్నా పాతది. క్రైస్తవుల చట్టం 1869 నాటిది. దానిలో భర్త వ్యభిచారం ఒక్కటే రుజువు చేస్తే భార్యకు సరిపోయేది కాదు, దానికి క్రూరత్వమో ఇంకో తప్పో జతపరచాలి. భర్తకు ఆ బాధ లేదు. ఆ తేడా 2001లో గానీ పోలేదు.

మన రాయలసీమ నుంచే దేశమంతా మాట్లాడుకున్న కేసు ఒకటి పోయింది. 'మరో చరిత్ర' సినిమాలో కథానాయిక సరిత మీకు గుర్తుండే ఉంటుంది. 1975 డిసెంబరులో తిరుపతిలో తమకు పెండ్లి జరిగిందని, ఆమె వచ్చి తనతో కాపురం చేసేట్టు ఆజ్ఞ ఇవ్వమని ఒకాయన కడప సబ్ కోర్టులో దావా వేశాడు. ఆ పెండ్లి నాటికి ఆమెకు 16 ఏళ్లు, మద్రాసులో బడికి పోయే పిల్ల. వెంటనే విడిపోయారు, ఐదేళ్లు ఎవరి దారిన వాళ్లున్నారు. ఆ దావా హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద వేసింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని మనిషిని మొగుడి ఇంటికి పంపే అధికారం రాజ్యానికి ఎక్కడిది, మనిషి ఒంటి మీద హక్కు ఆ మనిషిదే కదా అన్నది ఆయన వాదన. అసలు ఈ పద్ధతి మనది కూడా కాదు, ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చింది. ఇంగ్లండు 1970లో దాన్ని వదిలేసుకుంది. చౌదరి తీర్పు వచ్చిన మరుసటి ఏడాది, 1984లో, సుప్రీంకోర్టు వేరే కేసులో జస్టిస్ చౌదరి అభిప్రాయం సరికాదంది. కాపురాలు నిలబెట్టడానికి ఆ సెక్షన్ ఉపయోగపడుతుందంది. కనుక అది ఇప్పటికీ చట్టంలో ఉంది. ఇప్పుడు దాని పని ఏమిటంటే, "కాపురానికి రా" అని దావా గెలిచి, ఏడాది పాటు కలవకపోతే అదే కారణం చూపి విడాకులు అడగవచ్చు. మనోవర్తి కట్టకుండా తప్పించుకోవడానికి వాడుకునేవాళ్లూ ఉన్నారు. కాపురం నిలబెట్టే సెక్షన్ విడాకులకు మెట్టయింది!

కోర్టుల ధోరణి వేరుగా ఉండాలని ముందే అన్న మనిషి మన తెలుగు ఆడపడుచే. దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఎనిమిదేళ్లకే పెండ్లి చేశారు ఆమెకు. పెద్దయ్యాక ఆ సంబంధం వద్దనుకుంది. స్వాతంత్ర్య పోరాటంలో జైళ్లకు పోయింది, న్యాయవాది అయింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ను పెండ్లాడినప్పుడు సాక్షి సంతకం చేసినవాళ్లలో నెహ్రూ ఒకరు. ఆ ఏడే చైనాకు పోయి వచ్చి, సంసారాల తగాదాలకు మామూలు సివిల్ కోర్టులు పనికిరావు, ప్రత్యేకంగా కుటుంబ న్యాయస్థానాలు కావాలని పట్టుబట్టింది. చాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతో మాట్లాడింది. చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి మూడేళ్లు.

కుటుంబ న్యాయస్థానం వచ్చింది గానీ మన బతుకులకు తగ్గట్టు అది నడవాలి గదా. గూడూరు వాళ్లు కర్నూలుకు పోవాలి, కోసిగి వైపు వాళ్లు ఆదోనికి. పోయిన రోజు కూలి పోతుంది. భర్త అడ్రసు దొరకక నోటీసు తిరిగి వస్తుంది, ఇంటికి తాళం అని రాసి. పేపర్లో ప్రకటన వేయించమంటారు, అది ఇంకో ఖర్చు. ఫిబ్రవరిలో వాయిదా పడితే ఆ సమయానికి ఆమె గుంటూరు వైపు మిరప చేలలో ఉంటుంది. రెండు మూడు వాయిదాలకు రాకపోతే కేసు కొట్టేస్తారు. ఫైలు చూసినవాళ్లకు ఆమెకే శ్రద్ధ లేనట్టు ఉంటుంది. సుగ్గి క్యాలెండరు కోర్టు క్యాలెండరులో ఎక్కడా ఉండదు.

మగ్గం ఇళ్ల సంగతి ఇంకో రకం. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘం పెట్టినప్పటి నుంచి మన వైపు నేతకు ఒక పేరు ఉంది, గూడూరు నేతకూ ఉంది. గుంట మగ్గంలో మొగుడు కూర్చుంటాడు. కండెలు చుట్టేది, ఆసు పోసేది, తెగిన పోగు అతికేది పెండ్లాం. చీరకు ఇంత అని వచ్చే కూలి మాత్రం మొగుడి పేరు మీదే వస్తుంది. ఇద్దరూ విడిపోయిన రోజు ఆమె చేతికి వచ్చేది సున్నా. మనోవర్తి కోసం కోర్టుకు పోతే, అతని ఆదాయం ఎంతో రుజువు చేయమని ఆమెనే అడుగుతారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలని, అర్జీ పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్కగట్టాలని చెప్పింది. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, ఇల్లు చూసుకున్న భార్యకు భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో సమభాగం ఉందంది. ఇల్లు చూసుకున్నందుకే అంత వాటా ఉంటే, ఇంట్లోనే మగ్గం పని చేసినామె వాటా ఎంత ఉండాలి?

పవిత్రత గురించి బాధపడేవాళ్లకు నాదొక ప్రశ్న ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో 18 నిండకముందే పెండ్లయినవాళ్లు నూటికి 29 మంది. దేశం మొత్తం మీద 23. సుగ్గికి పోతూ పిల్లను ఒంటరిగా ఇంట్లో వదలలేక, తోడు తీసుకుపోలేక, ఎవరో ఒకరికిచ్చి చేసేస్తే భారం దిగుతుందనుకునే తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పందిట్లో అక్షింతలు వేసి వచ్చిన పెద్దమనుషులే, అయిదేళ్లకు ఆ పిల్ల పుట్టింటికి తిరిగి వస్తే కాలం చెడిందనడం నాకు అర్థం కాదు. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆ పిల్ల 18 నిండిన తర్వాత రెండేళ్ల లోపు కోర్టుకు పోయి ఆ పెండ్లిని రద్దు చేయించుకోవచ్చు. విడాకులు కూడా అక్కర్లేదు. ఈ సంగతి పందిట్లో ఎవరూ చెప్పరు, కనీసం రేడియోలోనైనా చెప్పాలి.

కాపురాలు సర్దుకోవాలని అందరికన్నా నేనే ఎక్కువ కోరుకుంటాను. పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడితే నిలిచిన కాపురాలు ఎన్నో ఉన్నాయి. మేనరికాల్లో అయితే మరీను, విడిపోతే అక్కాతమ్ముళ్ల ఇళ్లు కూడా విడిపోతాయి. అందుకే మాట్లాడే పెద్దమనుషులకు ఒక్కటే విన్నపం. కలిపే ప్రయత్నం చేయండి, మీ మాటకు ఆ బలం ఉంది. కలవనప్పుడు మాత్రం స్టాంపు కాగితం దగ్గర ఆగొద్దు. ఇద్దరికీ ఇష్టమైతే 13బి సెక్షన్ కింద ఉమ్మడిగా అర్జీ పెట్టించండి. ఏడాది విడిగా ఉండి ఉంటే చాలు. మామూలుగా ఆరు నెలలు ఆగమంటారు గానీ, తగిన కారణం ఉంటే ఆ గడువును కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు రాయించిన ఒప్పందంలో ఉన్న షరతులే కోర్టు డిక్రీలోకి వస్తాయి. రేపు రెండో పెండ్లికీ, పిల్లల బడి కాగితాలకూ, ఒంటరి మహిళ పింఛనుకు ఆధారం చూపమన్నప్పుడూ పనికొచ్చేది ఆ డిక్రీనే. 2024 జులై నుంచి ఆ పింఛను నెలకు 4 వేలు. చిన్న మొత్తమేమీ కాదు.

ఖర్చు గురించి భయపడే అక్కచెల్లెళ్లకు ఒక మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవల కమిటీ ఉంటుంది, జిల్లా సంస్థ కర్నూలులో ఉంది. ఫోన్ చేయాలంటే 15100. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లయితే 181. పోయేటప్పుడు పెండ్లి ఫొటో, లగ్నపత్రిక, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల పుట్టిన తేదీ కాగితాలు వెంట పెట్టుకోండి. పంచాయితీలో రాయించిన స్టాంపు కాగితం ఉంటే దాన్ని కూడా తప్పకుండా తీసుకుపోండి. సుగ్గికి పోయే నెలలు ఏవో వకీలుకు ముందే చెప్పండి, వాయిదాలు దానికి తగ్గట్టు అడుగుతాడు.